చింతగింజల లెక్క

ఆవకాయ జాడీలకు వాసెన కట్టి చేతులు కడుక్కుంటూ వుండగా హైదరాబాదు నుంచి మా చెల్లెలి ఫోను వచ్చింది. ఇది 2025 మే నెల మాట. గొంతు పూడుకుపోయినట్టు వుంది.

“అక్కా, పిల్లవాణ్ణి నీ దగ్గరకు పంపిస్తున్నాను. సెలవులు అయ్యేదాకా కాస్త కనిపెట్టి చూడు. పూనాలో హాస్టలు మెస్సుకని పంపిన యెనిమిది వేలూ ఫోనులో క్రికెట్టు జట్లు కట్టి పోగొట్టాడు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు,” అన్నది.

మర్నాడు సాయంత్రానికి వాడు నందికొండలో బస్సు దిగాడు. పంతొమ్మిదేళ్లవాడు, ఇంజనీరింగు చదువు. భుజాన ఒక సంచీ, ఆ సంచీలో ఒక కంప్యూటరు. మొహం మాత్రం యెత్తడు.

మా వూరి వేసవి చూడనివారికి చెప్పినా నమ్మరు. సాగరంలో నీళ్లు దిగిపోయి ఒడ్డున రాళ్లు బయటపడతాయి. ఆ రాళ్ల సెగ రాత్రి పది దాటినా హిల్ కాలనీని వదలదు. నిద్ర పట్టని అలాంటి ఒక రాత్రి మంచినీళ్లకని లేస్తే వసారాలో వెలుగు కనిపించింది. మా వాడు కంప్యూటరు ముందు కూర్చుని వున్నాడు. తెర నిండా అంకెలు పరుగెత్తుతున్నాయి.

నా గుండె జారిపోయింది. “మళ్లీ మొదలుపెట్టావురా?” అన్నాను.

వాడు ఉలిక్కిపడి లేచాడు. “డబ్బు ఆట కాదు పెద్దమ్మా. నీమీద ఒట్టు. ఇది కారు పందాల ఆట. పైసా కట్టేది లేదు, పైసా వచ్చేది లేదు. కావాలంటే కూర్చుని చూడు.”

కూర్చున్నాను. ఆ కూర్చోవడంలో నేను నేర్చుకున్నది యీ వారం మీతో చెప్పుకుందామని.

మా వాడికి యీ కార్ల పిచ్చి పట్టింది హైదరాబాదులోనే. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్తు కార్ల పందెం జరిగింది. ఫార్ములా ఈ అంటారు. మన దేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. అప్పుడు వాడు ఇంటర్మీడియట్ చదువుతూ స్నేహితులతో చూడబోయాడు. ఆనాడు అందరికంటే ముందు నిలబడి బయలుదేరినవాడు మిచ్ ఎవాన్స్. అతణ్ణి గుద్దింది పరాయివాడు కాదు, అతని జట్టులోనే రెండో కారు నడిపే శామ్ బర్డ్. ఇద్దరికీ ఆ రోజు పందెం అక్కడితో సరి. గెలుపు ఝాన్ ఎరిక్ వెర్న్‌ది. మూడవవాడుగా గీత దాటిన మనిషికి, కారు అనుమతించినదానికంటే యెక్కువ శక్తి వాడుకున్నదని శిక్షపడి, ఆ స్థానం మరొకరికి పోయింది. మరుసటి సంవత్సరం జరగవలసిన పందెం రద్దయింది గాని, మా వాడి తలలో మాత్రం ఆ కార్లు తిరుగుతూనే వున్నాయి.

ఇప్పుడు వాడు ఆడేది ఫార్ములా వన్ ఊహా జట్టు. దీన్ని మన భాషలో చెప్పాలంటే వారపు సంతకు పోవడం వంటిది. చేతికి పది కోట్ల డాలర్లు ఇస్తారు. ఉత్త కాగితం డబ్బే. దానితో అయిదుగురు డ్రైవర్లనూ, రెండు కార్ల కంపెనీలనూ కొనాలి. బాగా నడిపేవాడి ధర మండిపోతూ వుంటుంది. నాసిరకంవాడు చవక. పందెం అయ్యాక యెవరు యే స్థానంలో వచ్చారో, యెంతమందిని దాటారో చూసి మార్కులు వేస్తారు. మొదటివాడికి ఇరవై అయిదు. పందెం పూర్తిచేయకుండా కారు ఆగిపోతే ఇరవై కోత. అయిదుగురిలో ఒకరిమీద గుర్తు పెట్టుకోవచ్చు. అతని మార్కులు రెట్టింపవుతాయి.

“దీనికి ఇన్ని అంకెలు యెందుకురా? మంచివాళ్లను చూసి కొంటే సరి,” అన్నాను.

“ఆ యేడాది ఇరవైమంది డ్రైవర్లు, పది కంపెనీలు. అయిదుగురినీ రెండు కంపెనీలనూ యెన్ని విధాల యేరవచ్చో చెప్పు పెద్దమ్మా.”

నేను వందో రెండువందలో అనుకున్నాను. ఆరు లక్షల తొంభైయేడు వేల ఆరువందల యెనభై! వాటిలో డబ్బు చాలనివి తీసివేసినా మిగిలేవి బోలెడు. మనిషి కూర్చుని చూడలేడు గనుక కంప్యూటరుకు ఆ పని చెప్పాడు. కాని ప్రతి జట్టుకూ యెన్ని మార్కులు వస్తాయో చెప్పాలంటే పందెం జరగాలి గదా? ఆ పందెం ఇంకా జరగలేదు. అందుకని వాడు కంప్యూటరులోనే ఉత్తుత్తి పందెం నడిపిస్తాడు. ఒకసారి కాదు, పదివేలసార్లు.

ఇక్కడ నాకు బోధపడలేదు. తెల్లవారి మా అమ్మకు చెబితే ఆమెకూ బోధపడలేదు. మా అమ్మకు యెనభైరెండేళ్లు. ఆమె తండ్రి, అంటే మా తాత, డ్యాము కట్టడానికి వచ్చిన రాతిపని మేస్త్రీ. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు పునాదిరాయి వేసినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు. ఆమె అష్టాచెమ్మా గళ్లు గీసుకుని కూర్చుంటే యింటిల్లిపాదీ ఓడిపోవలసిందే.

మా వాడు ఆమె చేతిలో చింతగింజలే తీసుకున్నాడు. నాలుగూ సగానికి అరగదీసినవి. ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు.

“అమ్మమ్మా, అష్టా యెన్నిసార్లకు ఒకసారి పడుతుంది?”

“నా అదృష్టం బాగుంటే ఎప్పుడన్న పడ్తది బిడ్డా.”

“నాలుగు గింజలు పదహారు విధాలుగా పడవచ్చు. నాలుగూ నల్లగా పడేది అందులో ఒక్కటే. అంటే పదహారింట్లో ఒకసారి.”

అమ్మ ఊరుకునే మనిషి కాదు. “గింజ సగం సగం సమానంగ పడ్తదని నీకెవరు చెప్పిన్రు? నల్ల దిక్కు ఉబ్బుంటది, తెల్ల దిక్కు సాఫుంటది. వేసి చూడు.”

వేసి చూశారు. ఒకే గింజను నూరుసార్లు వేస్తే తెలుపు నలభైమూడుసార్లే పడ్డది. మా వాడు అమ్మమ్మకు నమస్కారం పెట్టాడు. వాడు చేస్తున్న పని సరిగ్గా ఇదేనట. ప్రతి డ్రైవరూ ఒక చింతగింజ. వాడు పాత పందాల్లో యెట్లా పడ్డాడో ముందు లెక్కపెట్టుకోవాలి. ఇన్ని పందాల్లో ఇన్నిసార్లు ముందు వచ్చాడు, ఇన్నిసార్లు కారు ఆగింది అని. ఆ లెక్క ప్రకారం ఒక్కొక్క గింజనూ కొంచెం అటో ఇటో బరువు చేసి, ఇరవై గింజలనూ కలిపి విసరాలి. ఒకసారి విసిరితే ఒక పందెం. పదివేలసార్లు విసిరితే, యే జట్టుకు సగటున యెన్ని మార్కులు వస్తాయో, యెంత అదృష్టం వుంటే యెంతవరకు పోతుందో, యెంత చెడితే యెంత దిగుతుందో తేలుతుంది.

వాడి మొదటి లెక్కలో ఒక తప్పు దొరికింది. ప్రతి గింజనూ విడివిడిగా విసిరాడు. హుస్సేన్ సాగరు ఒడ్డున ఒకే జట్టు కార్లు రెండూ ఒకదాన్ని ఒకటి గుద్దుకున్న సంగతి మరిచాడు! ఒక కంపెనీ ఇంజను చెడ్డదైతే ఆ కంపెనీ ఇద్దరికీ దెబ్బే. ఆ ఇద్దరినీ, వాళ్ల కంపెనీనీ కలిపి కొన్నవాడు ఒకే బుట్టలో మూడు కుండలు పెట్టుకున్నట్టు. బుట్ట జారితే మూడూ పగులుతాయి. అందుకని ఒక కంపెనీ గింజలు రెంటినీ దారంతో కట్టాడు. దారం అంటే లెక్కలో దారమే లెండి.

ఆ ఆదివారం, మే 25న, మొనాకోలో పందెం. మధ్యధరా సముద్రపు ఒడ్డున చిన్న రాజ్యమది. వూరి వీధుల్లోనే కార్లు తోలుతారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు చుట్టు, డెబ్భైయెనిమిది చుట్లు. ఫోనులో ఆ వీధులు చూపిస్తే అమ్మ ఒక్క మాట అన్నది. “గింత సన్న సందుల వెనకబండి ముందుబండినెట్ల దాటుతది? మా చిన్నప్పుడు బండ్లబాటల ముందు ఎవడు పోతే వాడే ముందు చేరేటోడు.”

మా వాడు వెంటనే పాత లెక్కలు తీశాడు. 2024లో అదే వూళ్లో పందెం మొదలైనప్పుడు మొదటి పదిమంది యే వరుసలో నిలబడ్డారో, అయిపోయేసరికీ అదే వరుసలో వున్నారు! చదువుకోని మా అమ్మకు సందు వెడల్పు చూస్తేనే తెలిసింది. అయితే 2025లో మొనాకోకని కొత్త నిబంధన ఒకటి పెట్టారు. ప్రతివాడూ కనీసం రెండుసార్లు ఆగి చక్రాలు మార్చుకోవాలి. ఆ నిబంధనతో జరిగిన పందెం అంతకు ముందు ఒక్కటీ లేదు. మరి పాత గింజల లెక్క యెట్లా పనికివస్తుంది?

వాడు తలపట్టుకుంటే నాకు మా కృష్ణమ్మ గుర్తుకు వచ్చింది. పాత వరదల లెక్కలు చూసే గదా ఆనకట్టలు కడతారు. 2009 అక్టోబరులో మాకు యెగువన శ్రీశైలానికి, కట్టినప్పుడు వేసుకున్న అంచనాను మించిన వరద వచ్చింది. కర్నూలు మునిగింది. ఆ రోజులు మా వూళ్లో యెట్లా గడిచాయో మాకు తెలుసు. ఇంజనీర్ల లెక్క దండగ అని నేననను. ఆ లెక్క లేకపోతే ఆనకట్టే లేదు. కాని గతంలో లేనిది లెక్కలోకి తనంత తాను రాదు. దానికోసం మనిషి కొంత జాగా విడిచిపెట్టుకోవాలి. ఆ మాటే చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, తన లెక్కలో గింజల బరువులను అటూ ఇటూ కొంచెం కదిలించి మళ్లీ విసిరాడు. అట్లా కదిలించినా పై వరుసలోనే నిలిచిన జట్టును యెన్నుకున్నాడు.

ఇంకొక చిత్రం చెప్పాలి. ఇట్లా గింజలు విసిరి లెక్క తేల్చే పద్ధతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మోంటీ కార్లో. అది ఆ మొనాకోలోని పేటే! అక్కడి జూదశాల లోకప్రసిద్ధం. 1946లో ఉలాం అనే గణితవేత్త జబ్బుచేసి కోలుకుంటూ, పొద్దుపోక ఒంటరి పేకాట ఆడుకుంటున్నాడట. ఆట పూర్తయ్యే అవకాశం యెంతో లెక్కకట్టబోతే చేతకాలేదు. నూరుసార్లు ఆడి యెన్నిసార్లు పూర్తయిందో లెక్కపెట్టుకుంటే సరిపోతుంది గదా అని తోచింది. ఆ ఆలోచనను నోయ్‌మన్ అనే మిత్రుడికి చెప్పాడు. అప్పుడే కొత్తగా వచ్చిన కంప్యూటరుకు ఆ పని అప్పగించారు. ఉలాం మేనమామో బాబాయో ఒకాయన బంధువుల దగ్గర అప్పుచేసి మోంటీ కార్లో జూదానికి పోతూ వుండేవాడట. అందుకని ఆ పేరు. జూదం పేరు పెట్టుకున్న యీ లెక్క మా ఇంట్లో చేసిన పని ముందు ముందు చెబుతాను.

శనివారం సాయంత్రం అర్హత పరుగు మొదలయ్యేలోపే జట్టు ఖాయం చేయాలి. మా వాడు నోరిస్‌నూ, లెక్లెర్‌నూ, మరికొందరు చవకవాళ్లనూ, వాళ్లతోపాటు అలోన్సో అనే నలభై దాటిన పెద్దమనిషినీ తీసుకున్నాడు. రెట్టింపు గుర్తు యెవరికి పెట్టాలన్నది చిక్కు. లెక్లెర్ ఆ వూళ్లోనే పుట్టినవాడు, 2024లో గెలిచినవాడు. నా వోటు అతనికే. లెక్కలో నోరిస్‌కు వెంట్రుకవాసి మొగ్గు. “లెక్కే వింటాను పెద్దమ్మా,” అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ముగ్గురం ఫోను ముందు చేరాం. అమ్మ అప్పుడప్పుడు కునుకు తీస్తూ “ఇంక తిరుగుతనే ఉన్నరా?” అని అడిగేది. నోరిస్ గెలిచాడు. లెక్లెర్ రెండు, పియాస్త్రి మూడు, వెర్‌స్టాపెన్ నాలుగు. కొత్త నిబంధన పెట్టినా, మొదలుపెట్టిన వరుసకూ ముగించిన వరుసకూ ముందున్న నలుగురిలో తేడా లేదు. అమ్మ బండ్లబాట గెలిచింది! పాపం అలోన్సో మాత్రం ఆరవచోటున బయలుదేరి సగం దారిలో ఇంజను చెడి ఆగిపోయాడు. మా వాడికి ఇరవై కోత పడింది. స్నేహితుల పట్టికలో యెటూ కాకుండా నడిమధ్య నిలిచాడు.

విసుక్కుంటాడనుకున్నాను. నవ్వి, “ఆగిపోతాడని నా లెక్కలోనూ కొన్నిసార్లు వచ్చింది పెద్దమ్మా. ఇవాళ ఆ కొన్నిసార్లలో ఒకటి,” అన్నాడు.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. ఇన్నాళ్లూ ఆ యెనిమిది వేల సంగతి నేను యెత్తలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక అడిగాను.

“నాయనా, డ్రైవర్లకు యింత లెక్క వేశావు. నీ జేబుకు యెప్పుడైనా యీ లెక్క వేశావా?”

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత కంప్యూటరు తెరిచాడు. నేను అడుగుతూ వుంటే వాడు రాశాడు. ఒక్కొక్క ఆటకు యాభై రూపాయలు. యెనిమిది వేలంటే నూటఅరవై ఆటలు. ఆటకు పదివేలమంది చేరారనుకుందాం. పోగైన ప్రతి వంద రూపాయల్లో నిర్వాహకుడు పదిహేను మినహాయించుకుని, మిగతాదంతా మొదటివాడికే ఇస్తాడనుకుందాం. నిజం ఆటల్లో బహుమతులు పంచుతారు గాని, లెక్క సులువుగా వుండాలని ఇట్లా పెట్టుకున్నాం. ఇప్పుడు మా వాడిలాంటి పిల్లలను పదివేలమందిని కంప్యూటరులో ఆడించాం. నూటఅరవై ఆటలూ అయ్యేసరికి యెనిమిది వేలూ పూర్తిగా పోగొట్టుకున్నవారు సుమారు తొమ్మిదివేల యెనిమిదివందల నలభైమంది!

“నాకు ఆట బాగా తెలుసు పెద్దమ్మా. అందరిలాంటివాణ్ణి కాదనుకున్నాను,” అన్నాడు సన్నగా.

“సరే, నువ్వు అందరికంటే రెండింతలు తెలివిగలవాడివనే రాయి.”

రాశాడు. పోగొట్టుకున్నవారు తొమ్మిదివేల ఆరువందల యెనభై చిల్లర. ఇందులో ఒక మెలిక వున్నది. రెండింతల తెలివి వుంటే సగటున లాభమే కనిపిస్తుంది. కాని ఆ సగటు అంతా గెలిచిన మూడువందల పైచిలుకు మంది జేబుల్లో వున్నది. తక్కినవారి ఇంట్లో మెస్సు డబ్బు లేదు. సగటు చూసి మురిసిపోకూడదు. పదివేలమందిలో మనవాడు యే గుంపులో నిలబడతాడో చూడాలి. అవతల ఆడేవారిలోనూ లెక్కలు రాసుకునేవాళ్లు వుంటారు గనుక ఆ రెండింతల తెలివి కూడా అనుమానమే.

వాడు ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాడు. “నాకు యీ విద్య అప్పుడూ వచ్చు పెద్దమ్మా. ఒక్క పది నిమిషాల పని. చేయబుద్ధి కాలేదు,” అన్నాడు. కళ్లు తుడుచుకుంటే నేను చూడనట్టు చెంబు అందుకుని లోపలికి పోయాను.

కాసేపటికి వసారాలోంచి మాటలు వినిపించాయి. వాళ్ల నాన్నకు తనే ఫోను చేశాడు. అవతల కేకలు నాకు వంటింట్లోకి వినబడ్డాయి. వీడు అడ్డు చెప్పలేదు. చివర “కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పి తీర్చేస్తాను నాన్నా,” అన్నాడు. చెప్పినట్టే జూన్‌లో పదిమంది పిల్లలు మా వసారాలో చేరారు.

పైసలు కట్టి ఆడే ఇటువంటి ఆన్‌లైన్ ఆటలను మన తెలంగాణలో 2017లోనే నిషేధించారు. మా వాడు చదివే రాష్ట్రంలో అప్పటికి ఆ అడ్డు లేదు. ఆ తరవాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టం మంచిదే. కాని చట్టం రాకముందు పోయిన డబ్బుకూ, రేపు ఇంకో రూపంలో వచ్చే ఆశకూ పిల్లవాడి చేతిలో ఒక లెక్క వుండాలి.

మన ఇళ్లలో పిల్లల దగ్గర ఇటువంటిది బయటపడితే ఫోను లాక్కుంటాం, చదువు మానిపిస్తామంటాం. ఆ కోపం నాకూ తెలుసు. వసారాలో ఆ రాత్రి నా చేయి కూడా లేచింది. అప్పుడు ఆ కంప్యూటరు మూయించి వుంటే వాడికి తన అంకె యేదో యెప్పటికీ తెలిసేది కాదు. “నీ లెక్క నాకు చెప్పు” అని పక్కన కూర్చుని చూడండి. కంప్యూటరు లేకపోయినా బాధ లేదు, చింతగింజలు చాలు.

మా అమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే గళ్లు గీసి మనవణ్ణి పిలిచింది. “రా బిడ్డా, నీ లెక్క నాకు తెల్సిపోయింది. ఇంక నువ్వు గెల్వవు.”

మూడు ఆటలు వరుసగా ఓడిపోయాడు. నాలుగో ఆట నడుస్తూ వుండగా నేను ఆవకాయ జాడీ తిరగగలపడానికి లేచాను.